అప్పడాల కర్రని ఫ్రెంచిలో ఏమంటారు?

2023 జనవరిలో ఒక సాయంత్రం మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూలబడింది. ఆ రోజు ఫ్రెంచి మాక్ స్పీకింగ్ టెస్ట్, అంటే అసలు పరీక్షకి ముందు పెట్టే నమూనా పరీక్ష. ఆర్నెల్లుగా బట్టీ పట్టిన ఆరు పేరాలూ గడగడా అప్పజెప్పడానికి సిద్ధమై వెళ్ళింది. సెలవులు, స్కూలు, కుటుంబం, పర్యావరణం, అన్నీ. సెలవుల పేరాలో "నాకు కొండల కన్నా సముద్రమే ఇష్టం" అన్న వాక్యం దగ్గర టీచర్ మధ్యలో ఆపి "పుర్క్వా?" అని అడిగారట. ఎందుకు? అంతే, ఒక్క మాట.

"ఎందుకో నాకు తెలుసమ్మా. కాకినాడ బీచ్, తాతయ్య, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, అన్నీ కళ్ళముందు కనబడ్డాయి. ఒక్క ఫ్రెంచి ముక్క నోటికి రాలేదు" అంది. ఆ తర్వాత మిగతా పేరాలు కూడా కలగాపులగం అయిపోయాయట. తొమ్మిదికి గ్రేడ్ 5 వచ్చింది.

ఆ పేరాలు బట్టీ పట్టించింది నేనే. నేను చదువుకున్న పద్ధతి అది మరి. ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకుని, రెండేళ్ళలో ఒక్క వాక్యం కూడా సొంతంగా పలక్కుండా నూటికి తొంభై పైన తెచ్చుకున్నదాన్ని. భాష అంటే పేపరు మీద దింపేది అనే నా లెక్క.

మేం ఇంగ్లండులోని రెడింగ్ వచ్చింది 2016లో. రెండేళ్ళకి, 2018 సెప్టెంబరులో, అమ్మాయి సెకండరీ స్కూల్లో చేరింది. ఇంగ్లండులో సెకండరీ ఇయర్ సెవన్‌తో మొదలవుతుంది, అంటే పదకొండేళ్ళ వయసు. మొదటి మూడేళ్ళూ ఏదో ఒక పరాయి భాష చదవాల్సిందే. ఆ తర్వాత పదహారేళ్ళకి రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో భాష తీసుకోవాలన్న నిబంధన 2004లోనే ఎత్తేశారు, కానీ చాలా స్కూళ్ళలాగే మా స్కూలు కూడా ఒకటి తీసుకోమని గట్టిగానే చెబుతుంది. ఏ భాష అన్నది మాత్రం మన చేతిలో లేదు. సగం సెక్షన్లకి ఫ్రెంచి, సగం సెక్షన్లకి స్పానిష్. అమ్మాయికి ఫ్రెంచి పడింది. మూడేళ్ళ తర్వాత అదే స్కూల్లో చేరిన మావాడికి స్పానిష్ పడింది.

మొదటి రిపోర్టులోనే "ఫ్రెంచి, టార్గెట్ గ్రేడ్: 7" అని ఉంది. పిల్ల అప్పటికి బోన్‌ఝూర్ దాటలేదు. ఈ 7 ఎక్కణ్ణించి వచ్చిందని పేరెంట్స్ ఈవెనింగ్‌లో అడిగాను (ఒక్కో టీచర్ దగ్గర ఐదు నిమిషాలే ఉంటాయి, అందులో రెండు నిమిషాలు దీనికే పోయాయి). ప్రైమరీ చివర్లో రాసిన ఇంగ్లీషు, లెక్కల పరీక్షల మార్కుల నుంచట. లెక్కల్లో బాగా వచ్చింది కాబట్టి ఐదేళ్ళ తర్వాత ఫ్రెంచిలో 7 రావాలి. "పుట్టగానే జాతకం రాయించినట్టుంది" అన్నారు మావారు.

మొదటి ఏడాది మాత్రం సరదాగా సాగింది. ఒకరోజు భోజనాల దగ్గర "అమ్మా, ఫ్రెంచి వాళ్ళు మనలాగే మాట్లాడతారు" అంది. ఇంగ్లీషులో వయసు చెప్పాలంటే "నేను పదకొండేళ్ళు" అన్నట్టుగా చెప్పాలి. ఫ్రెంచిలో "నా దగ్గర పదకొండేళ్ళున్నాయి" అంటారట. మనం "నాకు పదకొండేళ్ళు" అంటాం. ఆకలీ అంతే. ఇంగ్లీషులో మనిషే ఆకలిగా ఉంటాడు, ఫ్రెంచిలో ఆకలి మనిషి దగ్గరుంటుంది, తెలుగులో నాకు ఆకలి. పెద్దవాళ్ళని 'వూ' అనాలి, ఈడువాళ్ళని 'త్యూ' అనాలి అన్నది క్లాసులో మిగతా పిల్లలకి వింతగా ఉంటే, దీనికి మీరు, నువ్వు అని ఎప్పుడో తెలిసిన సంగతే. పైగా ఫ్రెంచిలో 'త' పళ్ళకి నాలుక తగిలించి పలకాలి, మన త లాగ. ఇంగ్లీషు పిల్లలకి అది 'ట' అయిపోతుంది. అంతకుముందు దాకా ఇంట్లో తెలుగు మాట్లాడితే "స్కూల్లో ఎందుకు పనికొస్తుంది?" అని అడిగిన పిల్ల, ఆ ఏడాది ఆ ప్రశ్న మానేసింది.

ఇయర్ ఎయిట్ సగంలో, 2020 మార్చిలో, లాక్‌డౌన్. అందులో చెప్పడానికేమీ లేదు. వర్క్‌షీట్లు నింపింది, నోరు మూతపడింది.

ఇయర్ నైన్‌లో భూతకాలం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఫ్రెంచిలో అయిపోయిన పని చెప్పాలంటే అసలు క్రియకి ముందు ఇంకో సహాయక క్రియ పెట్టాలి. చాలా క్రియలకి 'అవ్వార్' పెడతారు. కానీ వెళ్ళడం, రావడం, ఎక్కడం, దిగడం, పుట్టడం, చావడం లాంటి పదిహేను ఇరవై క్రియలకి 'ఎత్ర్' పెట్టాలి. రాకపోకలకీ చావుపుట్టుకలకీ వేరే ఏర్పాటన్నమాట. అక్కడితో అయిపోలేదు. "నేను వెళ్ళాను" అని రాసేది ఆడపిల్లయితే చివర ఇంకో 'ఇ' అక్షరం చేర్చాలి. చెవికి తేడా ఏమీ వినబడదు, కాగితం మీద మాత్రం ఉండాలి. మా అమ్మాయి ఒక టర్మ్ మొత్తం మగపిల్లాడిలా రాసుకుంటూ పోయింది. టీచర్ ఆకుపచ్చ పెన్నుతో ప్రతిసారీ ఆ 'ఇ' చేర్చుకుంటూ పోయారు.

"మనకీ వెళ్ళాడు, వెళ్ళింది అని ఉంది కదా, అలాంటిదే" అని సర్దిచెప్పబోయాను.

"మనకి 'నేను వెళ్ళాను'లో లేదుగా" అంది. నిజమే. నలభై ఏళ్ళు తెలుగు మాట్లాడి నేను గమనించని సంగతి అది. నేను అన్నాక మన క్రియకి ఆడా మగా లేదు.

ఆ ఏడాది రిపోర్టులో గ్రాఫు కిందికి దిగింది. నన్ను ఎక్కువ కంగారు పెట్టిందేమిటంటే, ఇయర్ సెవన్‌లో తప్పు లేకుండా చెప్పిన చిన్న చిన్న వాక్యాలు కూడా తప్పుగా చెప్పడం మొదలుపెట్టింది. వర్తమానం చెప్పాల్సిన చోట సగం భూతకాలం వచ్చి ఇరుక్కునేది. నేర్చుకున్నది కూడా పోతోందా అని ఫ్రెంచి టీచర్ని అడిగాను. ఆవిడ తీరిగ్గా నవ్వి, "ఇయర్ సెవన్‌లో వాక్యాన్ని ముక్క విడదీయకుండా చెప్పేది. ఇప్పుడు విడదీసి కలుపుతోంది, అందుకే పగుళ్ళు కనబడుతున్నాయి. తప్పులు కొత్త రకంగా ఉన్నాయి, నాకు సంతోషంగానే ఉంది" అన్నారు. అప్పుడు ఆ మాట నాకు సాకులాగే వినిపించింది. ఇంటికొచ్చి ట్యూటర్ కోసం వెతికాను కూడా. గంటకి అడిగిన రేటు చూసి, బట్టీ పేరాల ఆలోచన చేశాను.

ఇయర్ టెన్ వేసవిలో ఫ్రాన్స్ లోని నార్మండీకి ట్రిప్ పెట్టారు. పోర్ట్స్‌మత్‌లో ఓడెక్కి కాన్ దగ్గర దిగడం, నాలుగు రోజులు ఉండడం, మార్కెట్లో సొంతంగా బేరమాడడం. మాకు అప్పటికి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టులే. ఫ్రాన్స్ వెళ్ళాలంటే షెంగెన్ వీసా కావాలి. 2022 వసంతంలో ఆ అపాయింట్‌మెంట్ల కోసం తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుని లేచి వెబ్‌సైట్ చూసేవాళ్ళం. ట్రిప్పు తేదీకి ముందు ఒక్కటీ దొరకలేదు. క్లాసంతా ఓడెక్కితే ఇది ఆ నాలుగు రోజులూ లైబ్రరీలో కూర్చుని వర్క్‌బుక్ పూర్తి చేసింది. కట్టిన డబ్బులో సగమే వెనక్కి వచ్చింది. ఆ సగం గురించి మావారు ఇప్పటికీ మాట్లాడతారు, పిల్ల మాత్రం ఆ నాలుగు రోజుల గురించి అప్పుడేమీ అనలేదు.

ఆ మాక్ దెబ్బ తర్వాత నాకు తెలివొచ్చింది. పేరాల ఫైలు అటక మీద పెట్టాం. టీచర్ నాకో పని చెప్పారు: "మీకు ఫ్రెంచి రాకపోయినా ఫరవాలేదు. ఐదు ప్రశ్న పదాలు నేర్చుకోండి. తను ఏం చెప్పినా వాటిలో ఒకటి అడగండి." ఎందుకు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో, ఎలా. నేను చపాతీలు ఒత్తుతుంటే అది గట్టు మీద కూర్చుని కనబడిందల్లా ఫ్రెంచిలో చెప్పాలి. నేను మధ్యమధ్యలో "పుర్క్వా?" అనాలి. మొదటి వారం ఇద్దరం నవ్వుకోవడమే సరిపోయింది.

ఒకరోజు అప్పడాల కర్ర దగ్గర ఆగిపోయింది. ఆ మాట రాదు. ఇదివరకైతే ఫోన్ తీసి వెతికేది, లేకపోతే మొహం ముడుచుకుని మానేసేది. ఆ రోజు కాసేపు కర్రనే చూసి, "ల బువా రోన్ పూర్ ఫేర్ లే చపాతీ" అంది. చపాతీలు చెయ్యడానికి గుండ్రటి చెక్క. వ్యాకరణం ఎలా ఉందో నాకు తెలియదు గానీ, ఒక ఫ్రెంచావిడ వంటింట్లో ఉండుంటే ఆ కర్ర తీసి చేతికిచ్చేది. రానిమాట చుట్టూ తిరిగి ఇంటికి చేరడం దానికి ఆ రోజు తెలిసింది. రిపోర్టులో దీనికి గడి లేదు. నా వరకు, అది ఫ్రెంచి నేర్చుకున్న రోజు ఏదంటే అదే చెబుతాను.

అసలు స్పీకింగ్ పరీక్ష వేసవిలో రాతపరీక్షల కన్నా ముందే, తన టీచరే గదిలో కూర్చుని రికార్డ్ చేస్తూ పెట్టారు. అప్పట్లో కార్డు చేతికిచ్చి పన్నెండు నిమిషాలు చూసుకోనిచ్చేవారు. అందులో రోల్ ప్లే ఉండేది, దుకాణంలోనో హోటల్లోనో మాట్లాడుతున్నట్టు. ఒక చోట ఆశ్చర్యార్థకం గుర్తు మాత్రమే ఉండేది, అంటే అక్కడ ఏమడుగుతారో ముందు చెప్పేవారు కాదు. ఆ గుర్తంటేనే వణికిపోయిన పిల్ల బయటికి వచ్చి "దాని దగ్గర ఏదో ఒకటి వాగానమ్మా, పర్లేదు" అంది. ఆగస్టులో 7 వచ్చింది. జాతకం ఫలించిందని మావారు ఒకటే నవ్వు.

ఆ తర్వాత, మన ఇంటర్ లాంటి ఏ లెవెల్‌కి ఫ్రెంచి, ఎకనామిక్స్, సోషియాలజీ తీసుకుంది. సోషియాలజీ అనగానే మా వాట్సాప్ గ్రూపులో అలజడి. "సోషల్ స్టడీసా? దానికి అక్కడిదాకా వెళ్ళాలా?" అని మా పెదనాన్నగారు. నాకూ లోపల అదే ప్రశ్న, పైకి అనలేదు.

మొదటి పెద్ద వ్యాసానికి ముప్పైకి పదకొండు వచ్చాయి. పేద పిల్లలు చదువులో ఎందుకు వెనకబడతారన్న ప్రశ్న. చదివి చూశాను, నాకు బ్రహ్మాండంగానే అనిపించింది. బెర్న్‌స్టయిన్ భాషా కోడ్ల గురించి ఏమన్నాడు, బూర్ద్యూ సాంస్కృతిక మూలధనం (ఇంటి నుంచి పిల్లలకి అందే అలవాట్లూ, తెలివిడీ) గురించి ఏమన్నాడు, పాల్ విల్లిస్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల వెంట తిరిగి ఏం చూశాడు, అన్నీ ఉన్నాయి. మార్జిన్‌లో మాత్రం నాలుగు చోట్ల ఒకే మాట: "సో వాట్?" అయితే ఏంటి? పేర్లు పది, వాదన లేదు. మళ్ళీ అదే జబ్బు. ఫ్రెంచిలో "పుర్క్వా" దగ్గర కూలిన పిల్ల, ఇక్కడ "సో వాట్" దగ్గర కూలింది.

దీనికి మందు ఇంట్లోనే దొరికింది, నా ఖర్చుతో. లేబులింగ్, అంటే పిల్లల మీద ముద్ర వెయ్యడం, అనే పాఠం వచ్చింది. 1960లలో కాలిఫోర్నియాలో రోసెంతాల్, జాకబ్సన్ అనే ఇద్దరు ఒక స్కూల్లో టీచర్లకి కొందరి పేర్లిచ్చి, ఈ పిల్లలు ఈ ఏడాది బాగా పైకొస్తారని చెప్పారు. నిజానికి నూటికి ఇరవై మందిని గుడ్డిగా ఎంచారు, అంతే. ఏడాది తర్వాత చూస్తే వాళ్ళలో చాలామంది, ముఖ్యంగా చిన్న క్లాసుల్లోవాళ్ళు, మిగతావాళ్ళకన్నా ముందుకెళ్ళారు. టీచర్ నమ్మితే పిల్ల అలాగే అవుతుందన్నమాట. ఇది చదివి వంటింట్లోకి వచ్చింది.

"తమ్ముడు లెక్కల బుర్ర, నేను మాటల బుర్ర. ఇది ఎవరన్నారమ్మా మొదట?"

నేనే. వాళ్ళకి ఏడేళ్ళూ మూడేళ్ళూ ఉన్నప్పుడు, ఏదో పెళ్ళిలో, నవ్వుతూ. అప్పట్నుంచి చుట్టాలందరూ అదే పాట. అది వెళ్ళిపోయాక చాలాసేపు గిన్నెలు తోముతూ ఉండిపోయాను.

అయితే అది దాన్ని అక్కడితో వదల్లేదు, అదే నాకు నచ్చింది. మర్నాడు మళ్ళీ వచ్చి, "కానీ అందరూ లేబుల్‌కి లొంగరు" అంది. మేరీ ఫుల్లర్ అనే ఆవిడ లండన్ స్కూల్లో కొందరు నల్లజాతి అమ్మాయిల్ని గమనించిందట. టీచర్లు తక్కువ అంచనా వేసిన కొద్దీ ఆ అమ్మాయిలు పంతంగా చదివారు, టీచర్లకి నచ్చాలని కాదు, పరీక్షలో చూపించాలని. రోసెంతాల్ ఇలా అన్నాడు, కానీ ఫుల్లర్ చూసింది వేరు, అయితే ఎప్పుడు లేబుల్ గెలుస్తుంది, ఎప్పుడు పిల్ల గెలుస్తుంది? ఆ 'కానీ'లూ 'అయితే'లూ వ్యాసంలోకి రావడం మొదలయ్యాక పదకొండు కాస్తా పందొమ్మిదయ్యింది, ఆ వేసవికి ఇరవై నాలుగు. బూర్ద్యూ పాఠం అయినప్పుడు మాత్రం నార్మండీ ట్రిప్ సంగతి మొదటిసారి ఎత్తింది. మా క్లాసులో సగం మంది ప్రతి వేసవిలో ఫ్రాన్స్ వెళతారు, మనం కాకినాడ వెళతాం, వాళ్ళ సెలవులే వాళ్ళ ట్యూషన్ అని. "నాకు లేనిది సాంస్కృతిక మూలధనం కాదమ్మా, పాస్‌పోర్ట్ మూలధనం" అంది. నవ్వుతూనే అంది.

ఏ లెవెల్ ఫ్రెంచిలో ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక అంశం ఎంచుకుని పరిశోధించి, స్పీకింగ్ పరీక్షలో రెండు నిమిషాలు చెప్పి, తర్వాత తొమ్మిది పది నిమిషాలు దాని మీద వచ్చే ప్రశ్నలకి జవాబివ్వాలి. తోటి పిల్లలు ఫుట్‌బాల్, ఫ్యాషన్, వంటలు తీసుకున్నారు. మాది ఏం తీసుకోవాలో తెలియక తాతయ్యకి వీడియో కాల్ చేసింది. మా నాన్నగారు రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కాకినాడలో ఉంటారు. "ఫ్రెంచి వాళ్ళ గురించి కావాలంటే అంత దూరం ఎందుకమ్మా, ముప్పై కిలోమీటర్లలో యానాం ఉంది. మా అమ్మ పెళ్ళి అక్కడే అయింది" అన్నారాయన.

నాకు తెలిసిన కథే, కానీ ఎప్పుడూ పట్టించుకోలేదు. మా నానమ్మది తాళ్ళరేవు దగ్గర పల్లె. 1936లో, పదేళ్ళ వయసులో, బళ్ళు కట్టుకుని యానాం తీసుకెళ్ళి పెళ్ళి చేశారు. ఎందుకంటే ఇటు బ్రిటిష్ వాళ్ళ రాజ్యంలో శారదా చట్టం ఉంది. 1929లో చేసి 1930 ఏప్రిల్ నుంచి అమలుచేశారు. అమ్మాయికి పద్నాలుగు, అబ్బాయికి పద్దెనిమిది నిండాలి. ఫ్రెంచి వాళ్ళ యానాంలో ఆ చట్టం లేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని తీసుకుని అక్కడికెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరు అలా వచ్చింది.

మరి ఫ్రాన్స్‌లో పదేళ్ళ పిల్లకి పెళ్ళి చెయ్యనిస్తారా? ఇది అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న. వెతికితే, అక్కడి సివిల్ కోడ్‌లో అమ్మాయికి పదిహేనేళ్ళు నిండాలని అప్పటికే ఉంది. కానీ ఇండియాలోని తమ ప్రజలకి ఫ్రెంచి ప్రభుత్వం వాళ్ళ వాళ్ళ ఆచారాలే వదిలేసింది. 1881లో ఒక డిక్రీ చేసి, కావలసినవాళ్ళు తమ ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి రావచ్చన్నారు. వదులుకోని హిందువులకి పాత పద్ధతే. టీచర్ మొదట సందేహించారు, అంశం ఫ్రాన్స్‌తో గట్టిగా ముడిపడి ఉండాలని. ఈ డిక్రీ సంగతి చూపించాక ఒప్పుకున్నారు: తన గడ్డ మీద ఒక చట్టం, తన వలసలో ఇంకో చట్టం ఎందుకు?

ఇక తాతయ్య ఇంటర్వ్యూ. సోషియాలజీలో నేర్చుకున్న పరిశోధనా పద్ధతులన్నీ ఆయన మీద ప్రయోగించింది. ముందు అనుమతి తీసుకోవాలట. "నన్ను అడగడానికి నీకు అనుమతేంటే" అని ఆయన. ప్రశ్నలు దారి చూపించేలా ఉండకూడదట. మొదటి రోజు ఆయన, "ఆ రోజుల్లో అందరూ అంతే, మా అమ్మ సంతోషంగానే ఉండేది" అన్నారు. వెనక వంటింట్లోంచి మా అమ్మ గొంతు: "ఎవరు చెప్పారండీ మీకు? మా అత్తగారు నాతో వేరేగా చెప్పారు." ఆయన మొహం ఫోన్లోంచి పక్కకి తప్పుకుంది. మా అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుంది: అమ్మమ్మ ఉన్నప్పుడు ఒక జవాబు, లేనప్పుడు ఒక జవాబు. మర్నాడు అమ్మమ్మనే విడిగా కూర్చోబెట్టి మాట్లాడింది, గంటా పది నిమిషాలు. మా అత్తగారు పెళ్ళిపీటల మీద నిద్రపోయిందని, బాణాసంచా చప్పుడుకి లేచి ఇంటికెళదామని ఏడ్చిందని, ఆ సంగతి కొడుకుతో ఎన్నడూ అనలేదని మా అమ్మ చెప్పింది. నేను పక్క గదిలో ఉండి విన్నాను. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా మా నానమ్మ బతికే ఉంది. నేనెప్పుడూ అడగలేదు.

అదే సందర్భంలో ఒకరోజు, "తెలుగులో ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, రెండిటికీ ఒకటే క్రియ ఎందుకు తాతయ్యా?" అని నిలదీసింది. ఫ్రెంచిలో బల్లక్కూడా ఆడా మగా ఉంటుంది, మనం మాత్రం ఆడదాన్ని బల్లతో కలిపేశాం అని దాని ఫిర్యాదు. ఆయన కాసేపు ఆలోచించి, "బహువచనంలో చూడు. ఆడవాళ్ళు వచ్చారు, బస్సులు వచ్చాయి. నలుగురు కలిస్తే మనుషులైపోతారు" అన్నారు. ఇది వ్యాకరణమో చమత్కారమో గానీ, దాని సోషియాలజీ టీచర్‌కి చెబితే ఆవిడ క్లాసులో అందరికీ చెప్పిందట.

2025 వేసవి పరీక్షలో, రెండు నిమిషాలు అయిపోయాక, ప్రశ్నల్లో ఒకటి: ఈ పెళ్ళి గురించి మీ తాతమ్మ ఏమనుకునేది? ఇంటికొచ్చి చెప్పింది. "చెప్పడానికి చాలా ఉంది, కానీ అక్కడ ఒక్క వాక్యమే వచ్చిందమ్మా. పెర్సన్ న లుయి ఆ దమాందే." ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఆ వాక్యం తను ముందు సిద్ధం చేసుకున్న కాగితాల్లో ఎక్కడా లేదు. ఆగస్టు 14న ఫలితాలొచ్చాయి. ఫ్రెంచిలో బి, సోషియాలజీలో ఏ. ఇప్పుడు యూనివర్సిటీలో సోషియాలజీ చదువుతోంది. వాట్సాప్ గ్రూపు సర్దుకుంది.

ఇక మావాడు. వాడి స్పానిష్ దారి వేరు. ఇంగ్లండులో స్పానిష్ గాలి బాగా వీస్తోంది. ఏ లెవెల్‌లో 2019లోనే అది ఫ్రెంచిని దాటేసింది, జీసీఎస్ఈలో 2025లో దాటింది. వాడికి మొదట్నుంచీ రెండు లాభాలు. ఒకటి, రాసినట్టే పలుకుతారు, తెలుగులాగే. రెండోది 'మే గుస్తా'. ఇంగ్లీషు పిల్లలు "నేను టీని ఇష్టపడతాను" అనే ఆలోచన నుంచి బయటపడలేక ఏడాదంతా తంటాలు పడతారు. స్పానిష్‌లో టీయే కర్త, ఇష్టం నాకు. "నాకు టీ ఇష్టం" అని తెలుగులో అనుకుని మాట మాట మార్చుకుంటే సరిపోతుంది. నాకు టీలు ఇష్టం అంటే 'గుస్తాన్' అవుతుంది, అది మాత్రం ఇప్పటికీ మర్చిపోతాడు.

ఇయర్ ఎయిట్‌లో 'పెరో', 'పెర్రో' పాఠం వచ్చింది. మొదటిది 'కానీ', రెండోది 'కుక్క'. క్లాసులో ముప్పై మంది ఆ 'ర్ర' రాక బుగ్గలు ఊదుకుంటుంటే వీడు ఠక్కున అన్నాడట. ఎలా వచ్చిందని టీచర్ అడిగితే "గుర్రం" అని చెప్పాడు. ఆ రోజు క్లాసంతా "గుర్రం, గుర్రం" అని అరిచిందట. లెక్కల బుర్ర అని మేం ముద్ర వేసినవాడు ఆ రోజు చాలా ఉత్సాహంగా ఇంటికొచ్చాడు. నేను నోరు మూసుకుని విన్నాను.

అయితే వాళ్ళక్క రాసిన పరీక్ష కాదిప్పుడు. వీడి బ్యాచ్ నుంచి పద్ధతి మారింది, కొత్త పరీక్ష మొదటిసారి 2026 వేసవిలో. పదాల జాబితా ముందే ఇచ్చేశారు, పై స్థాయికి 1700, కింది స్థాయికి 1200. ఒక పేరా గట్టిగా చదివి వినిపించాలి, చెప్పింది విని డిక్టేషన్ రాయాలి. డిక్టేషన్ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది, మా చిన్నప్పటి చదువు తిరిగొచ్చిందని. కానీ స్పానిష్‌లో రాసినట్టు పలుకుతారు గానీ, పలికినదాన్నిబట్టి రాయడం అంత తేలిక కాదు. హెచ్ రాస్తారు, పలకరు. బీ, వీ రెండూ ఒకేలా వినబడతాయి.

ఇప్పుడు శనివారాలు నేను టీ తాగుతూ జాబితా చదువుతాను, వాడు రాస్తాడు. నేను హెచ్ పలికితే "అమ్మా!" అని పెన్ను పడేస్తాడు. మొన్న 'బాకా' అన్నాను, అంటే ఆవు. బీ పెట్టి రాశాడు. వీ పెట్టాలి.

"నువ్వు బీ అన్నావు."

"రెండూ ఒకటే అన్నావుగా నువ్వే."

కొట్టేసి, పక్కన మళ్ళీ రాసుకుని, తర్వాతి మాట చదవమన్నాడు.